పందిని అడిగిన మనిషి

పోయిన నెల విశాఖపట్నంలో నా పిత్తాశయం తీసేశారు. పొట్ట మీద నాలుగు చిన్న కన్నాలు, వాటి మీద నాలుగు ప్లాస్టర్లు, మర్నాటికి ఇంటికి. ఆపరేషన్ రోజు పొద్దున ఒక చిన్న నర్సు వచ్చి, "ఆంటీ, రాత్రి నుంచి ఏమైనా తిన్నారా?" అంది. ఆంటీ అన్నందుకు ముందు ఒళ్ళు మండింది. ఉద్యోగమంతా ఆపరేషన్ థియేటర్‌లో సిస్టర్‌గా చేసినదాన్ని. ఆ ప్రశ్న నేను అడిగినన్నిసార్లు ఆ పిల్ల అన్నం కూడా తిని ఉండదు.

"చుక్క నీళ్ళు కూడా తాగలేదమ్మా" అన్నాను. అయితే ఇక్కడ సంతకం పెట్టండి అంటూ ఒప్పుదల కాగితం చేతికిచ్చింది. ఖాళీ కడుపుతో ఆ కాగితం మీద కలం పెట్టగానే చెయ్యి ఆగిపోయింది. ఏడుపొచ్చేసింది. భయపడుతున్నాననుకుని ఆ పిల్ల నా భుజం తట్టింది. ఈ ఆపరేషన్‌కి నేను భయపడడమేమిటి, నా మొహం! మా ఆస్పత్రిలో దీన్ని మొదటిసారి పంది మీద చేసినప్పుడు లోపల కెమెరా పట్టుకున్నది నేనే. నాకు గుర్తొచ్చింది భయం కాదు, ఒక ముసలాయన.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, విశాఖ నుంచి బస్తర్ గనులకి పోయే కిరండూల్ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. నేను నర్సింగ్ చదివి ఆ లైను మీదే ఒక గనుల టౌన్‌షిప్ ఆస్పత్రిలో చేరాను. ఇంట్లో అమ్మతో శ్రీకాకుళం తెలుగు, వార్డులో హిందీ, సంతలో హల్బీ, ఊళ్ళ నుంచి వచ్చే రోగులతో నాకొచ్చిన నాలుగు గోండీ ముక్కలు. మాట్లాడడం ఎలా ఉన్నా నాలుగు భాషల్లోనూ తిట్టగలిగేదాన్ని. ఆస్పత్రి మొత్తం నన్ను మిర్చీ సిస్టర్ అనేది. నా వెనకాల కాదు, మొహం మీదే అనేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది.

మా సర్జన్‌గారు గోదావరి జిల్లాల మనిషి. పొట్ట కోసి పిత్తాశయం తీసిన ప్రతిసారీ ఆయనకి ఒకటే దిగులు. జానెడు కోత, దానికి కుట్లు. మూడు నెలలు బరువెత్తొద్దు అని చెప్పాలి. ఖనిజం లోడింగ్ చేసేవాడికి మూడు నెలలు బరువెత్తొద్దంటే వాడేం తినాలి? "కన్నాలతో చేయడం నేర్చుకుంటే పదిరోజుల్లో పనిలోకి పోతాడు సిస్టర్" అనేవారు. ఆ మాట నిజం. తరవాత నా కళ్ళతో చూశాను కూడా. అందుకే ఈ కథలో ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

నేర్చుకోవడం అట్టపెట్టెతో మొదలైంది. పెట్టెకి కన్నాలు పెట్టి, లోపల రాజ్మా గింజలు పోసి, మూరెడు పొడుగు పట్టకార్లు దూర్చి, చేతుల వైపు చూడకుండా ఎదురుగా ఉన్న టీవీలో చూస్తూ ఒక్కో గింజనీ తీసి గిన్నెలో వెయ్యాలి. పెద్ద సర్జన్ కదా, మొదటిరోజు గంటసేపు తిప్పలు పడితే రెండు గింజలు పడ్డాయి. నేను నవ్వాను. "మీరు చెయ్యండి చూద్దాం" అన్నారు. నాకు ఒకటీ పడలేదు. ఆ తరవాత కోడి తొడల మీద తోలు ఒలవడం. ఆ తరవాత పంది. పంది లోపలి అమరిక మన అమరికకి దగ్గరగా ఉంటుంది, పిత్తాశయం కాలేయానికి అంటుకుని అచ్చం అక్కడే ఉంటుంది. అనుమతి కాగితాలు వచ్చాయి, మత్తివ్వడానికి జగదల్‌పూర్ నుంచి పశువుల డాక్టరు వచ్చేవాడు. ఆస్పత్రి వెనక ఒక షెడ్డు వేశారు.

ఆ సంగతి విని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏటే గుంటా, పందుల్ని కోత్తన్నారంట మీ ఆసుపత్రిలో? ఇంటికొచ్చి నన్ను ముట్టుకోకు, ముందు తానం చెయ్యి" అనేది.

ఆ షెడ్డు చూసుకోవడానికి పెట్టుకున్న మనిషే ఆ ముసలాయన. మరైగూడ వైపు దొర్లా ఆదివాసీ, ఆ వైపు తెలుగు మాట్లాడేవాడు. వయసులో ఉండగా కూలికి వచ్చి, జీవితమంతా గనిలో ఒక కంట్రాక్టరు కాకపోతే ఇంకో కంట్రాక్టరు దగ్గర రాళ్ళెత్తాడు. ఎత్తే వయసు దాటాక ఎవరికీ అక్కర్లేకపోయాడు. పిల్లలు లేరు. భార్యకి చూపు పోయింది. సర్జన్‌గారు దయతలచి ఈ పని ఇప్పించారు. పనితో పాటు షెడ్డు పక్కన రేకుల గది ఇచ్చారు. అది పర్మినెంట్ కాదు, ఏడాదికోసారి కాగితం తిరగరాయాలి. పని ఉన్నంతకాలమే గది. ముసలామె ఆ గదిలో ఎన్ని అడుగులకి తలుపు, ఎన్ని అడుగులకి నీళ్ళ కుండ, ఎన్ని అడుగులకి పొయ్యి అన్నీ లెక్కపెట్టుకుని తిరగడం నేర్చుకుంది. "ఈ ఒక్క గదిల దానికి కండ్లున్నయి బిడ్డా. ఇంకో గదికి పోతే మల్ల గుడ్డిదైతది" అన్నాడు ఆయన ఒకసారి. నలుగురిలో సిస్టరమ్మా అనేవాడు, ఎవరూ లేకపోతే బిడ్డా అనేవాడు.

మొదటి పందిని తీసుకురావలసిన పొద్దున థియేటర్‌లో అంతా సిద్ధం. పంది రాదు. నేను విసురుగా షెడ్డుకి వెళ్ళాను. ముసలాయన తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పశువుల డాక్టరు మనిషి ఒకడు తాడు పట్టుకుని హిందీలో అరుస్తున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"గింజ పెట్టకుండ ఎట్ల తీస్కపోతరు బిడ్డా?"

"ఏం గింజ?"

"బియ్యపు గింజ. చంపేముందు చేతిల పెట్టి అడగాలె. తింటే ఒప్పుకున్నట్టు. తినకపోతే ఇడిసిపెట్టాలె. కోడినైనా అట్లనే అడుగుతం, మేకనైనా అట్లనే అడుగుతం."

"ఇది పూజ కాదు. ఆపరేషన్ నేర్చుకోవడానికి. మత్తులో ఉంటుంది, దానికేం తెలీదు. అయిపోయాక ఇంకో సూది ఇస్తారు, నిద్రలోనే పోతుంది."

"మాంసం?"

"సున్నం వేసి పూడ్చేస్తారు."

ఆయన తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. "తినరు. అడగరు. ఏంది బిడ్డా ఇది?" అన్నాడు.

లోపల సర్జన్‌గారు చేతులు కడుక్కుని గాలిలో పెట్టుకుని నిలబడి ఉంటారు. నాకు కాలు నిలవడం లేదు. మత్తుకి ముందు రోజు నుంచీ పందికి తిండి పెట్టకూడదు, నీళ్ళు మాత్రమే. ఆ సంగతి ఆయనకి వంటబట్టేలా చెప్పింది నేనే. కడుపులో తిండి ఉంటే మత్తులో కక్కుతుంది, ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే చస్తుంది అని. నాలుగు గింజలతో కొంప మునగదని కూడా నాకు తెలుసు. "సరే, నాలుగంటే నాలుగే గింజలు. ఎవరికీ చెప్పకు. ఊఁ, తొందరగా కానీ" అన్నాను. ఆయన మొహం విప్పారింది. నడుముకున్న గుడ్డ మూటలోంచి నాలుగు గింజలు తీసి అరచేతిలో పెట్టి పంది ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏదో గొణిగాడు. పంది గింజలు నాకేసింది. ఆయనే దాని తాడు పట్టుకుని నడిపించుకొచ్చాడు.

అలా ప్రతిసారీ జరిగింది. ఏ పందీ వద్దనలేదు. నేను లోపల కెమెరా పట్టుకునేదాన్ని. నా చెయ్యి వణికితే టీవీలో లోకమంతా వణుకుతుంది, అందుకని ఊపిరి కూడా మెల్లగా పీల్చేదాన్ని. గ్యాసుతో పొట్ట ఉబ్బించాక లోపల కాలేయం ఎంత నున్నగా మెరిసేదో! సర్జన్‌గారి చేతులు వారం వారం కుదురుకుంటున్నాయి. బయట షెడ్డులో ముసలాయన ఖాళీ తాడు చుట్ట చుట్టి మేకుకి తగిలించేవాడు.

ఇక నా నోటి సంగతి చెప్పాలి. ఒకరోజు షెడ్డు దగ్గర టీ తాగుతూ ఊరికే ఏడిపిద్దామని అన్నాను. "తాతా, నీ పందులన్నీ బుద్ధిమంతులే, ఒక్కటీ వద్దనదు. నిన్నంతా పస్తు పెట్టి పొద్దున్నే గింజలు చూపిస్తే వద్దంటుందా? అలా మాడ్చి అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారు!"

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అవునా బిడ్డా" అన్నాడు. మళ్ళీ "అవునా" అన్నాడు. నేను గ్లాసు కడిగి డ్యూటీలోకి వెళ్ళిపోయాను. ఆ మాట నాకు మళ్ళీ గుర్తుకు కూడా రాలేదు.

చివరి పాఠం నాటికి రాయపూర్ నుంచి ఒక పెద్ద సర్జన్ వచ్చాడు. మా డాక్టరు గారి చేతిపని ఆయన చూసి సరే అంటే, ఆ తరవాత మనుషుల మీద మొదలుపెట్టొచ్చు. ఆస్పత్రి పెద్దలందరూ గౌన్లు తొడుక్కుని థియేటర్‌లో గోడవారగా నిలబడ్డారు. ముసలాయన పందిని తెచ్చి తలుపు దగ్గర అప్పగిస్తూ నాతో మెల్లగా, "ఇయ్యాల నిజంగ ఒప్పుకుంది బిడ్డా" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. అంతకుముందెప్పుడూ ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు. ఇవాళ నిజంగా ఏమిటి, రోజూ అబద్ధమా అని అడగాలి కదా? అడగలేదు. చేతికి తొడుగులు వేసుకునే హడావిడిలో తలూపాను.

సూది పడింది. పంది పక్కకి ఒరిగింది. గొంతులోకి గొట్టం వెయ్యబోతుండగా గళుక్కుమని కక్కింది. అన్నం, గుమ్మడికాయ ముక్కలు, ఇప్పపూలు. కక్కుతూనే ఉంది. పీల్చే మిషన్ పెట్టినా లాభం లేకపోయింది. దాని నోరు నీలంగా మారిపోయింది. కెమెరా నా చేతిలోనే ఉంది, లోపలికి వెళ్ళనే లేదు. కాసేపటికి పశువుల డాక్టరు చేతులెత్తేశాడు. పెద్ద సర్జన్ గడియారం చూసుకున్నాడు.

నేను షెడ్డుకి పరిగెత్తాను. "ఏం పెట్టావు దానికి?" అని గొంతు చించుకున్నాను.

ఆయనకి ఇంకా ఏమీ తెలీదు. "తెల్లారగట్ల కడుపు నిండ పెట్టిన బిడ్డా. ముసల్ది వండింది. ఇంక సాలని మూతి తిప్పుకునేదాంక పెట్టిన. అప్పుడు గింజ చూపిచ్చి అడిగిన. నువ్వే అన్నవు గద, మాడ్చి అడిగితే ఎవరన్న ఒప్పుకుంటరని. నిజమే అనిపిచ్చింది. ఇన్నొద్దులు తప్పు చేసిన్ననుకున్న. ఇయ్యాల కడుపు నిండినంక కూడ నా చేతిల తిన్నది."

"చచ్చిపోయింది తాతా. ఊపిరాడక చచ్చిపోయింది. కడుపులో తిండి ఉంటే చస్తుందని చెప్పానా లేదా?"

"సచ్చేదానికే గద తీస్కపోయిన్రు?" అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఊపిరాడక చచ్చిందన్న మాట మాత్రం ఆయనకి కాసేపటికి ఎక్కింది. "నొచ్చిందా?" అని అడిగాడు. గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంట్ గదిలో విచారణ. ముసలాయన నిలబడ్డాడు. తిండి పెట్టావా అన్నారు. పెట్టిన సాబ్ అన్నాడు. ఎప్పటినుంచి పెడుతున్నావు? మొదట్నుంచి నాలుగు గింజలు పెడుతున్న, ఇయ్యాల కడుపు నిండ పెట్టిన. ఎవరు పెట్టమన్నారు?

మొదటిరోజు నాలుగు గింజలకి సరేనన్నది నేను. మాడ్చి అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారన్నది నేను. ఆయన నా వైపు తల తిప్పలేదు, కళ్ళు కూడా తిప్పలేదు. "ఎవ్వరు చెప్పలె సాబ్. మా రివాజు" అన్నాడు.

అప్పుడు సూపరింటెండెంట్ నా వైపు తిరిగాడు. "సిస్టర్, ఆప్‌కో పతా థా?"

మీకు తెలుసా అని అడిగాడు, అంతే. పతా థా సర్, నేనే ఒప్పుకున్నాను అంటే ఏమయ్యేది? ఓ మెమో ఇచ్చేవాళ్ళు. ఇంకో ఆస్పత్రికి బదిలీ చేసేవాళ్ళు. మహా అయితే ఉద్యోగం పోయేది, అమ్మనీ తీసుకుని శ్రీకాకుళం వెళ్ళిపోయేదాన్ని. నాకు కళ్ళున్నాయి, ఏ గదిలోనైనా తిరగగలను. వార్డుబాయ్ దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందర్నీ దులిపేసే మిర్చీ సిస్టర్ని.

"నహీఁ సర్" అన్నాను.

ముసలాయన విన్నాడు. నేలచూపులు చూస్తూనే ఉన్నాడు. కాగితం తిరగరాయలేదు. వారంలో గది ఖాళీ చెయ్యమన్నారు. సర్జన్‌గారు కోపం తగ్గాక ఆయన కోసం ఓ మాట చెప్పి చూశారట, అప్పటికే సంతకాలైపోయాయి. నేను వారమంతా షెడ్డు వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి క్వార్టరుకి పోయాను.

ఆరో రోజు మధ్యాహ్నం థియేటర్ వెనక వరండాలో గుడ్డలు మడత పెడుతున్నాను. ముసలాయన వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. పొద్దున బస్సుకి వెళ్ళిపోతున్నామని, ముసలామె తమ్ముడు ఉన్న ఊరికి పోతున్నామని చెప్పాడు. నేను ఒక్కసారిగా ఏడ్చేశాను. "ఇప్పుడే వెళ్ళి చెప్తాను తాతా, నాకంతా తెలుసని చెప్తాను" అన్నాను. నిజంగా లేచాను కూడా.

"ఇప్పుడెందుకు బిడ్డా. నీకు తల్లి ఉన్నది" అన్నాడు. "నాకు నాలుగు గింజలు పెట్టు. అడగకుండ ఎల్లగొట్టిన్రు అనిపిచ్చుకోవద్దు. నువ్వు అడుగు, నేను తిని పోత."

ఆస్పత్రి వంటగదికి పోయి గుప్పెడు బియ్యం తెచ్చాను. అరచెయ్యి చాపడానికి సిగ్గేసింది. ఆయన నా మొహం చూసి, "అన్నం తినే వచ్చిన బిడ్డా. కడుపు నిండ తిన్న. ఆకలి మీద లేను, అడుగు" అన్నాడు.

చెయ్యి చాపాను. ఏమని అడగాలో తెలీలేదు. ఆయన వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, పందులు తిన్నట్టే నా అరచేతిలోంచి పెదవులతో నాలుగు గింజలు తీసుకున్నాడు. నిదానంగా నమిలి మింగాడు. తల మీద తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందు ఆ గదికి వెళ్ళాను. ఆయన కాళ్ళకి దణ్ణం పెడదామని. బస్సు అప్పటికే పోయింది. ఆస్పత్రి ఊడ్చే ఆయా ఆ గది ఊడుస్తోంది. మూలన పొయ్యి ఎర్రమట్టితో నున్నగా అలికి ఉంది, ఎక్కడా మసి లేదు.

"పోయే ముందు శుభ్రం చేసి పోయారన్నమాట" అన్నాను.

ఆయా హిందీలో చెప్పింది. అలికి నాలుగు రోజులైందట. బియ్యం అయిపోయాక పొయ్యి వెలిగించనే లేదట. తను రోజూ గిన్నెడు గంజి తెచ్చిస్తే ముసలాయన అంతా ముసలామెకే పట్టేవాడట, నిన్న కూడా ఒక్క గుక్క తాగలేదట. చివరికి ఆయన దగ్గర మిగిలింది ఆ గుడ్డ మూటలోని గింజలేనట, వాటిని కూడా ముసలామె కోసమే ఉడకబెట్టమని ఆయాకి ఇచ్చాడట.

నా చేతిలో ఆ నాలుగు గింజలు తిన్నప్పుడు ఆయన మూడు రోజుల ఆకలి మీద ఉన్నాడు. ఆయా ఊడవడం అయిపోయి చీపురు దులుపుకుని వెళ్ళిపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి తలుపు నుంచి నీళ్ళ కుండ పెట్టిన చోటికి, అక్కణ్ణుంచి పొయ్యికి కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెట్టి చూశాను. ఆ రోజు డ్యూటీకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. ఎందుకని ఎవరూ అడగలేదు.